దిగే లాకు

నా చిన్నప్పుడు, నీళ్లు పెరిగితేనే మనుషులు మునిగిపోతారనుకునేదాన్ని. తగ్గుతున్నప్పుడూ మునగవచ్చని జర్మనీలోని ష్వైన్‌ఫర్ట్‌లో, మైన్ నది మీద తెలిసింది.

అమ్మ గోదావరి జిల్లా నుంచి అక్కడికి నర్సుగా వచ్చింది. మా పై అంతస్తులో ఐర్లండ్ నుంచి వచ్చి స్థిరపడిన ఒక ముసలాయన ఉండేవారు. జర్మన్ పిల్లల్లాగే నేనూ ఆయన్ని ఒపా, అంటే తాత, అని పిలిచేదాన్ని. ఆయన కాలువ గట్టునే పుట్టి పెరిగారు. వాళ్ల దేశంలో రాజధాని నుంచి పెద్ద నది దాకా, చిత్తడి నేలల మీదుగా ఆ కాలువ తవ్వారట. గట్టు మీద గుర్రం నడుస్తూ తాడుతో పడవను లాగేదట. బార్లీ, పీపాలు, పొయ్యిలో మండే ఎండు మట్టిగడ్డలు అన్నీ అలాగే వెళ్లేవట. తర్వాత రైళ్లు, లారీలు ఆ సరుకంతా పట్టుకుపోయాయి. వాళ్ల నాన్న అక్కడ లాకుల కాపలాదారు.

లాకులంటే అమ్మకూ తెలుసు. పడవను రెండు గేట్ల మధ్య నిలిపి, నీళ్లు నింపో వదిలో, పై మట్టానికో కింది మట్టానికో చేర్చే చోటు అది.

"మా పిన్ని వాళ్లింటికి లాకులు దాటే వెళ్లేవాళ్లం. నాకు నేర్పక్కర్లేదని చెప్పవే మీ ఒపాకి," అని నవ్వుతూ ఓ ఆదివారం ఆయన చిన్న పడవ ఎక్కింది. చంకలో రెండేళ్ల తమ్ముడు.

లాకులోకి వెళ్లగానే వెనక గేటు మూసుకుంది. ఒపా ముందు తాడు తాను పట్టుకుని, వెనక తాడును గట్టు మీది ఇనుప గుంజకు చుట్టి, కొస అమ్మ చేతికిచ్చారు. నీళ్లు దిగసాగాయి. నాచు పట్టిన నల్లటి గోడ మా పక్కనే పైకి లేస్తోంది. ఆకాశం ఇరుకైపోయింది. వెనక గేటు సందుల్లోంచి నీళ్లు చిమ్ముతున్నాయి. అది పగిలితే నది మొత్తం మా మీదే.

"ఇష్ హాబ్ ఆంగ్స్ట్, అమ్మా," అన్నాను. భయమేస్తే నాకు జర్మనే వచ్చేది.

"ఏం భయం లేదు, ఊరుకోవే. కట్టేశాగా, పడవెక్కడికీ పోదు."

తమ్ముణ్ణి రెండు చేతులా పట్టుకోవడానికి అమ్మ ఆ తాడును పడవకే ముడి వేసేసింది.

కాసేపటికి పడవ వెనక భాగం దిగడం మానేసింది. ముందు భాగం దిగుతూనే ఉంది. ఫ్లాస్కు జారి నీళ్లలో పడింది. అమ్మ ఒంటి చేత్తో ముడి విప్పబోయింది. పడవ బరువుకి అది రాయిలా బిగుసుకుపోయింది. తమ్ముడు ఆమె పట్టులోంచి జారుతున్నాడు. నేను వాడి చొక్కా పట్టుకున్నాను కానీ నా కాళ్లకే ఏమీ ఆనడం లేదు.

ఒపా అరవలేదు. తన తాడు వదిలేసి, మా మీదుగా వంగి, కత్తితో మా తాడు తెగ్గోశారు. పడవ దభీమని నీళ్ల మీద పడింది. అందరం తడిశాం. అందరం ఉన్నాం.

"బుద్ధిలేనిదాన్ని. బిడ్డని చేతులారా చంపుకునేదాన్ని," అని అమ్మ ఒకటే ఏడుపు. ఒపా పడవను ఒడ్డున ఆపి, మీ పిన్ని ఇంటికి వెళ్లేటప్పుడు లాకులో పడవ పైకి లేచేదా, కిందికి దిగేదా అని అడిగారు. అమ్మ ఆలోచించింది. పైకి లేచేది. తిరుగు ప్రయాణం బస్సులో.

"మరింకేం, మీకు తెలిసింది సరైనదే. ఎక్కే లాకులో కట్టిన తాడు వదులవుతుంది. దిగే లాకులో బిగుస్తుంది. మా నాన్న నడుముకి ఎప్పుడూ ఒక కత్తి ఉండేది. చాలా ఏళ్లు అది రొట్టె కోయడానికే అనుకున్నాను."

అమ్మ ఏడుపులోనే నవ్వేసింది.

లెక్కలు తర్వాత నాకు నేనే నేర్చుకున్నాను. అంకె అదే ఉన్నా దాని ముందున్న ప్లస్ గుర్తు మైనస్‌గా మారితే ఎంత ముప్పో నాకెవరూ వేరే చెప్పనక్కర్లేకపోయింది. ఆ గోడ మాత్రం ఇప్పటికీ కలలో లేస్తూనే ఉంటుంది.

ఈ మధ్య అమ్మ ఒక్కో మాటే మరిచిపోతోంది. మొన్న వీధిలోకి వెళ్లి ఇంటి దారి మరిచిపోయింది. తలుపుకి తాళం వేసి ఆమెను లోపలే ఉంచుదామని నా చేతులు తొందరపడతాయి. అప్పుడు నీళ్లు ఎటు పోతున్నాయో చూస్తాను. దిగుతున్నాయి. ఇప్పుడు కట్టేస్తే బిగుసుకుపోతుంది, అందుకని తాళం వేయను. ఆమె చెయ్యి పట్టుకుని, ఆమె ఎంత మెల్లగా నడిస్తే అంత మెల్లగా, పక్కనే నడుస్తాను.