పడుగు సాచే వీధికి కాలువ చూడబోయాను

మా నంద్యాల వీధిలో వానాకాలమంతా బురదే. కాలువ ఖర్చులో ప్రజలు డబ్బుగానో ఒంటి కష్టంగానో సగం భరిస్తే మిగతా సగం సర్కారు ఇస్తుందని కొత్తగా వెలసిన బ్లాకు ఆఫీసువాళ్లు చెప్పారు. వాళ్లు చెప్పిపోయాక మేం నెల రోజులు పోట్లాడుకున్నాం తప్ప గంపెడు మట్టి ఎత్తలేదు. ఒంటిమిట్ట దగ్గర ఒక చిన్న ఊళ్లో నేతవాళ్లు ఇలాగే కాలువ మంజూరు చేయించుకున్నారని తెలిసి, ఎలా సాధించారో చూసి రమ్మని నన్ను పంపారు. పోస్టాఫీసులో రిటైరయ్యాను కాబట్టి వీధి మొత్తానికి పనిలేనివాణ్ణి నేనేనని వాళ్ల లెక్క. ఆ మాటకు ఒళ్లు మండింది గానీ, వెళ్లాలని నాకూ ఉంది.

ఉదయం ఆరింటి బస్సు ఎక్కితే ఆళ్లగడ్డ, మైదుకూరు మీదుగా పదకొండుకల్లా కడపలో దించాడు. టికెట్టు రెండు రూపాయల నాలుగణాలు. కిటికీ పక్క సీటు కోసం త్వరపడకండి, ఎర్రదుమ్మంతా మీ మీదే పడుతుంది. కడపలో ఉగ్గాణి, బజ్జీ తిని ఎనిమిదణాలతో ఒంటిమిట్ట చేరాను. అక్కడ జట్కా సాయిబు, "గుడికి కాదా? నేతోళ్ల వీధికా? ఆడ ఏముండాదప్పా సూసేదానికి?" అన్నాడు. కాలువ అన్నాను. "కాలవ సూసేదానికి నంద్యాల నుంచి వచ్చినావా!" అని దారి పొడుగునా నవ్వుతూనే ఉన్నాడు. నాలుగణాలకు ఒప్పుకున్న మనిషి చివరికి మూడే తీసుకున్నాడు. కడుపారా నవ్వించినందుకు కాబోలు.

ఆ వీధిలో ప్రతి ఇంటి ముందుగదిలోనూ గుంట మగ్గమే. మనిషి నేలమీద కూర్చుని, కాళ్లు గుంటలోకి దించుకుని నేస్తాడు. వానొస్తే వీధి నీళ్లు గోడ కిందనుంచి ఊరి ఆ గుంటలోకి దిగుతాయి. మెరక చివర ఉన్న పెద్దాయన చెన్నప్ప ఇంటికి ఏ బాధా లేదు. పల్లపు చివర ఓబులేసు ఇంట్లో మాత్రం రెండేళ్లుగా గుంట నిండుతూనే ఉంది. నేను వెళ్లేసరికి ఓబులేసు మగ్గం తాళ్లు విప్పుతున్నాడు. "ఈ తూరి గూడా నిండితే మగ్గం పీకి రాయచోటికి కూలికి పోతా," అన్నాడు.

కాలువ వస్తోంది కదా అన్నాను. చెన్నప్ప వీధిలోకి చెయ్యి చూపించాడు. రెండు వైపులా గోడల పక్కనే, వీళ్లు వేలిముద్రలు వేసిన ప్లాను ప్రకారం బ్లాకు ఓవర్సీరు గీయించిన సున్నం గీతలు. "మేం అడిగింది నడిమి కాలవప్పా. గోడపక్క తవ్వితే నీళ్లు నేరుగా గుంటల్లోకే గదా!"

"మరి ప్లాను మీద వేలిముద్రలు ఎందుకు వేశారు?"

ముసలాయన సిగ్గుపడ్డాడు. "కాగితంలో వీధి పొడుగునా రెండు గీతలుండాయి. మేం వీధిలో సాచే పడుగు నూలు అంచులనుకున్యాం. ఓవర్సీరు మా పని తెలిసినోడు, పడుగుకు జాగా ఇడిసి గీసినాడని శానా సంబరపడి ఏసినాం."

నేను పకపకా నవ్వేశాను. ఓబులేసు నవ్వలేదు. అది చూసి నా నవ్వుకు నాకే సిగ్గేసింది. ఆ పూట చెన్నప్ప ఇంట్లోనే ఉన్నాను. రాగి సంగటి, చెనిక్కాయల ఊరిమిండి, అదే వేరుసెనగ పచ్చడి, పెట్టారు, డబ్బులిస్తానంటే కోప్పడ్డారు.

తెల్లారేసరికి వీధి నడుమ కర్రల మీద పొడుగ్గా పడుగు, అంటే మగ్గానికెక్కించే నిలువు పోగులు, సాచి ఉంది. అటు నలుగురు, ఇటు నలుగురు కుంచెలతో గంజి పట్టిస్తూ ముందుకూ వెనక్కూ నడుస్తున్నారు. ఎవరి పడుగైనా పక్కిళ్లవాళ్లు పిలవకుండానే వస్తారు, కూలి మాటే లేదు. ఏడింటికి ఓవర్సీరు సైకిలు మీద వచ్చాడు, కుర్రవాడే. దారి లేక దిగి, గోడకు ఆనుకుని పక్కకు పక్కకు నడిచాడు. అతను కొలతలు తీసుకున్నది మధ్యాహ్నం పూట, వీధి ఖాళీగా ఉన్నప్పుడు. ఇప్పుడు ఎనిమిది మంది కాళ్లూ తన సున్నం గీతల వెంటే పడుతున్నాయి, అక్కడ తవ్వితే వాళ్లకు నడిచే చోటే ఉండదు.

"తప్పు నాదే," అన్నాడు. "కానీ ప్లాను మార్చాలంటే కాగితం కడపకు వెళ్లాలి, ఈలోగా వానలొస్తాయి. గోడల పక్కన తవ్వుతామంటే రేపే రాయి దింపిస్తాను. కాదంటే రాయి ఎప్పుడొస్తుందో, అసలొస్తుందో రాదో చెప్పలేను."

అందరి చూపూ మెరక వైపు వెళ్లింది. అక్కడివాళ్లకు ఏ కాలువైనా ఒకటే, పైగా నడిమి కాలువే కావాలంటే చేతికొచ్చే రాతికాలువను ఊరికే వదులుకోవాలి.

చెన్నప్ప కుంచె కింద పెట్టాడు. "మా సగం ఒంటి కష్టమే గదా సామీ. అది ముందు చేస్తాం. నడిమిన మేమే తవ్వుకుంటాం. రాయి వచ్చేనాడు రానీ."

"రాకపోతే?"

"మట్టి కాలవే. నీళ్లు రాయి ఉండాదా అని అడిగి పోతాయా?"

ఓబులేసు ముందుకు వచ్చాడు. "మీ గుంటలు ఎప్పుడూ నిండలేదు గదా మామా. నా కోసరం మీరెందుకు రాయి పోగొట్టుకుంటారు?"

ముసలాయనకు నిజంగానే కోపం వచ్చింది. "నీ పడుగుకు గంజి పెట్టేనాడు, నాది గాదులే అని ఇంట్లో కూకున్యానేమిరా?"

పడుగు ఆరగానే చుట్టేసి, వీధి నడిమధ్యన నూలు దారం పట్టారు. ఓబులేసు గుమ్మం ముందే మొదటి గడ్డపార దిగింది. ఓవర్సీరు తన సున్నం గీతలను తానే కాలితో చెరిపాడు. నేనూ నాలుగు గంపలు ఎత్తాను, అయిదో గంపకు నడుం పట్టేసింది. ఆ మనుషుల మీద నాకు కలిగిన ప్రేమ ఇంతా అంతా కాదు.

మా వీధివాళ్లకు ప్లాను నకలు తెస్తానని వెళ్లి ఉత్త చేతులతో వచ్చాను. తెచ్చినా మాకు పనికొచ్చేది కాదు, మా వీధిలో ఎవరి పనులు ఎలా సాగుతాయో మేమే చెప్పుకోవాలి. మీ వీధికీ ఇలాంటి ఆలోచన ఉంటే ఒక్క మాట వినండి: ఓవర్సీరును మీ పనివేళకే పిలవండి, గీతలు ముందు నేలమీద గీయించి ఇంటింటివాళ్లనూ వాటి మీద నడిపించండి, సంతకాలు ఆ తర్వాతే. నిన్న ఓబులేసు కార్డు వచ్చింది. రాయి ఇంకా రాలేదట. మూడు రోజులు ఎడతెగని వానట. "గుంటలో కూకోనే ఇది రాయిస్తాండా సామీ. కాళ్లు తడవలేదు."