నాయనకిచ్చిన ఇల్లు

ఎదురింట్లో అద్దెకున్నవాళ్లు ఖాళీ చేసి వెళ్లారు. నిన్నటి నుంచి ఆ ఇంటికి సున్నం కొడుతున్నారు. డబ్బాల్లో రంగులొచ్చి ఎన్నేళ్లయినా ఆ ఇంటాయన పాతకాలం మనిషి, సున్నంలో కాస్త నీలిమందు కలిపించి కొట్టిస్తాడు. తడి సున్నం వాసన కిటికీలోంచి లోపలికొచ్చిందంటే నాకిక పని సాగదు. కాఫీ గ్లాసు పట్టుకుని అరుగు మీద కూర్చుంటాను. ఆ వాసనతో నాకు గుర్తొచ్చేది ఒక్క మనిషే. మనిషి పొట్టి, గొంతు మాత్రం వీధి చివరిదాకా వినబడేది. రాహేలమ్మ టీచరు, నంద్యాలలో మా ఇంటి ఓనరు. అద్దె ఇళ్లలో బతికినవాళ్లకు ఓనరమ్మ అంటే రెండో అత్తగారు. నాకు ఈ రెండో అత్తగారు లేకపోతే మా నాయన ఏమైపోయి ఉండేవాడో.

డెబ్బయ్యో దశకం చివరి రోజులవి. మా ఆయన నంద్యాలలో ఒక పత్తి మిల్లులో గుమాస్తా. బజారుకు దగ్గరలో, మా కోమట్ల ఇళ్లూ అంగళ్లూ కలిసి ఉండే వీధిలో ఒక పోర్షన్లో ఉండేవాళ్లం. నాయనకు ఆళ్లగడ్డలో చిల్లర అంగడి. అమ్మ పోయి చాలా కాలమైంది. నేనొక్కదాన్నే సంతానం. ఒకరోజు అంగట్లో బెల్లం దిమ్మ ఎత్తబోయి నాయన కుప్పకూలాడని కబురొచ్చింది. పరిగెత్తుకుంటూ పోయాం. కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి. నంద్యాల ఆసుపత్రిలో కొన్నాళ్లు పెట్టి, తర్వాత మా ఇంటికే తెచ్చుకున్నాం. నడిపిస్తూ ఉంటే కాలు తిరిగి రావచ్చునని, మంచానికే వదిలేస్తే మనిషి దక్కడని డాక్టరు చెప్పాడు.

మా వాళ్లలో తండ్రి అనేవాడు ఆడపిల్ల ఇంట్లో మంచినీళ్లు తాగడానికే మొహమాటపడతాడు. అలాంటిది కూతురింట్లో మంచం వేసుకుని పడుకోవడం, అదీ ప్రాణం పోయేదాకా పడుకోవడం అంటే, నాయనకు పక్షవాతం కంటే పెద్ద రోగం అదే. ఇక మా ఓనరుది ఇంకో భయం. ఆయన మంచివాడే. మంచివాడు కనకే నన్నూ మా ఆయన్నీ పిలిచి కూర్చోబెట్టి మెల్లగా చెప్పాడు. పెద్దాయనకు జరగరానిది జరిగి, అది మంచి నక్షత్రం కాకపోతే ఇల్లు నెలల తరబడి మూసిపెట్టాలట. ఆయన కూతురికి సంబంధాలు చూస్తున్నారట. చావు నక్షత్రం చూసుకుని రాదు కదా అన్నాను నేను ఉక్రోషంగా. అందుకే కదమ్మా చెప్తున్నది అన్నాడాయన.

ఇళ్ల వేట మొదలుపెట్టాం. ఇల్లు చూపించేవాళ్లు వంటిల్లు, బావి, దొడ్డి అన్నీ చూపించి, చివర్లో ఎంతమంది ఉంటారని అడిగేవాళ్లు. నాయన సంగతి చెప్పగానే ఆ ఇల్లు హఠాత్తుగా వాళ్ల మేనల్లుడికి కావలసి వచ్చేది. నంద్యాలలో అంతమంది మేనల్లుళ్లు ఉన్నారని నాకు అప్పుడే తెలిసింది.

అలా తిరిగి తిరిగి రైలు గేటు దాటి ఊరి బయటికి వెళ్లాం. అక్కడ నల్లరేగడి చేలను ప్లాట్లు చేసి అమ్ముతున్నారు. జొన్న చేల మధ్య అక్కడొకటి ఇక్కడొకటి ఇళ్లు. కరెంటు ఉంది, దారి లేదు. వానొస్తే మా ఆయన సైకిలెక్కడం మాని సైకిలే ఆయన భుజమెక్కేది. ఎటు చూసినా నిశ్శబ్దం, దూరంగా నల్లమల. ఆ నిశ్శబ్దం మధ్యలో రాహేలమ్మ టీచరు ఒక్కతే రెండు పోర్షన్ల ఇల్లు కట్టుకుని ఉండేది. పాములపాడు, జూపాడు బంగ్లా అంటూ బదిలీల మీద తిరుగుతూ బతుకంతా అద్దె ఇళ్లలో గడిపి, రిటైరయ్యాక కట్టుకున్న ఇల్లది, గోడలకు కొట్టించిన సున్నం ఇంకా తడారలేదు. భర్త కూడా టీచరేనని, పోయాడని చెప్పింది. ఆ తర్వాత గోడకు మేకు కొట్టకూడదని, బావి దగ్గర గిన్నెలు తోమకూడదని, ఇంకా ఏవేవో కూడదని మాకు పాఠం చెప్పినట్టు చెప్పింది. నేను ఇక ఓపిక పట్టలేకపోయాను. ఈమె మేనల్లుడు కూడా బయటికొచ్చేలోపే అడిగేద్దామనుకున్నాను.

"మా నాయనకు పక్షవాతమమ్మా. ఏమన్నా అయితే ఈడనే అయితాది. ఇస్తావా, ఇయ్యవా?"

ఆమె నన్ను కళ్లద్దాల పైనుంచి చూసింది. "ఇల్లు కట్టింది మనుషులుండేదానికి పాపా. మనుషులన్నాక ఏమన్నా అయితాది. మేకు మాత్రం కొట్టొద్దు," అంది.

ఇల్లు దొరికిందని సంబరపడ్డాం గానీ నాయన సంబరపడలేదు. పొద్దున లేస్తే ఒకటే మాట, నన్ను ఆళ్లగడ్డ బస్సెక్కించండని. అక్కడ ఎవరున్నారు నాయనా అంటే, ఎవరూ లేకపోతే ఏం, నా ఇంట్లో నేను చస్తా అనేవాడు. కాలు కదిలించమంటే గోడ వైపు తిరిగి పడుకునేవాడు. తిండి తగ్గించేశాడు. కూతురి ఇంట్లో ఎంత తక్కువ తింటే అంత తక్కువ రుణమని ఆయన లెక్క. నేను రొట్టె పెడితే సగం తుంచి పక్కన పెట్టేవాడు. ఏడ్చాను, అరిచాను, అమ్మ మీద ఒట్టు వేశాను. మొండికేసిన ఎద్దు లేస్తుందా? మనిషి నా కళ్ల ముందే కరిగిపోతున్నాడు. చివరికి మా ఆయన కూడా విసిగిపోయి, పోనీ ఆదివారం తీసుకెళ్లి దింపుదాం, ఆయన కోరికే తీరనీ అన్నాడు. దింపడమంటే ఏమిటో ఇద్దరికీ తెలుసు. ఆ తలుపు మూసిన ఇంట్లో ఆయన నాలుగు వారాలు బతకడు.

పక్క పోర్షనుకు మాటలన్నీ వినబడేవేమో. మర్నాడు పొద్దున రాహేలమ్మ టీచరు వచ్చి గడపలో నిలబడి, మా ఆయనతో, "ఈ నెలతో నీకు ఇల్లు లేదప్పా. ఖాళీ చెయ్యి," అంది.

ఈమె కూడా అందరిలాంటిదే అనుకున్నాను. ఆమె నా వైపు చూడనైనా చూడకుండా లోపలికొచ్చి, పీట లాక్కుని నాయన మంచం పక్కన కూర్చుంది.

"శెట్టన్నా, ఈ ఇల్లు నీకిస్తా. ఉంటావా?"

వెక్కిరిస్తోందనుకున్నాడు నాయన. "నాకెందుకమ్మా ఇల్లు? కూతురి కూడు తింటా పడుండా గదా."

"అదే వద్దంటాండా. నీ కూతురింట్లో నువ్వుండొద్దు. నీ ఇంట్లో నీ కూతురుంటాది. పెట్టుకుంటావో, పొమ్మంటావో, నీ ఇష్టం. ఆళ్లగడ్డలో నీ అంగడి గది ఊరికే పడుంది గదా, దాన్ని ఎవరికన్నా ఇయ్యి. ఆ దుడ్లు ఈడ నాకు బాడుగ కట్టు. నీ చేత్తోనే ఇయ్యాల. నీ అల్లుడు తెస్తే నేను ముట్టను."

నాయన ఆమె వైపు తల తిప్పాడు. అప్పుడు ఆయన అడిగిన మాట నేను చచ్చేదాకా మర్చిపోను.

"బాడుగెంత?"

టీచరు చెప్పింది. నాయనకు కోపమొచ్చింది. ఊరి బయటి ఇంటికి అంతా? వానొస్తే మోకాలి లోతు బురద, ఎండాకాలమొస్తే రేగడి నేల పగిలి గోడలు బీటలిస్తాయి, మంచి బియ్యం కావాలన్నా గేటు దాటి పోవాలి, అని వంకలన్నీ ఏకరువు పెట్టాడు. నోరు ఒకవైపుకే తిరుగుతున్నా బేరం మాత్రం సూటిగా ఆడాడు. మంచం పట్టాక ఆయన అన్ని మాటలు మాట్లాడటం అదే మొదలు. ఆమె కూడా తక్కువ తినలేదు, ఇటుకలు చూడు, తలుపులు చూడు అని గట్టిగానే ఎదురు నిలబడింది. చివరికి ఇద్దరూ మధ్యలో ఒక మాటకు వచ్చారు. నేను వంటింట్లోకి పోయి కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చాను. ఆ పూట నాయన రెండు రొట్టెలు తిన్నాడు, కారం తక్కువైందని నన్ను తిట్టాడు కూడా.

ఇక ఆ ఇంటికి యజమాని వచ్చాడు. పగలు లైటు వేస్తే కసిరేవాడు. చెప్పులు ఎక్కడ విడవాలో అల్లుడికి చెప్పేవాడు. అల్లుడు కూడా, నిజం చెప్పొద్దూ, బుద్ధిగా వినేవాడు. కొన్నాళ్లకు నాయన, మీరిద్దరూ ఉండండిలే, నాకేం అడ్డం అని మాకు అనుమతి కూడా ఇచ్చాడు. మా ఆయన ముఖం అటు తిప్పుకుని నవ్వుకున్నాడు.

టీచరు మొదటి నెల అద్దెకు మంచం దగ్గరికే వచ్చింది. నాయన ఎడమ చేత్తో ఇస్తే కళ్లకద్దుకుని తీసుకుంది. మరుసటి నెల గడప దగ్గర కుర్చీ వేసుకుని కూర్చుని, బాడుగ ఇచ్చేవాడే ఓనరు దగ్గరికి రావాలి, నేను రాను అంది. నాయన తిట్టుకుంటూ, మా ఆయన భుజం పట్టుకుని, కాలు ఈడ్చుకుంటూ పోయి ఇచ్చాడు. ఆ పై నెల ఆమె వరండాలో కూర్చుంది. తర్వాత తన వాకిట్లో. దానికోసం నాయన నెలంతా గోడ పట్టుకుని నడక సాధన చేసేవాడు. చేయమంటే చేయని మనిషి, అద్దె బాకీ పడకూడదని చేశాడు. చివరికి ఆమె దొడ్డి చివర బావి అవతల కూర్చున్న రోజున ఆయన చేతికర్రతో ఒక్కడే నడిచి వెళ్లాడు, నన్ను ముట్టుకోనివ్వలేదు.

"మోసం చేస్తాండావు టీచరమ్మా," అన్నాడు రొప్పుతూ. "నెలకింత దూరం పోతాండావు."

"బాడుగ తగ్గించినా గదా శెట్టన్నా. ఆ మాత్రం నడువు."

అదే సాయంత్రం నేను ఆమె దగ్గరికెళ్లి ఏదో కృతజ్ఞత చెప్పబోయాను. ఆమెకు అలాంటి మాటలు గిట్టవు. తన భర్తకు జబ్బు ముదిరినప్పుడు వాళ్లుంటున్న ఇంటి ఓనరు ఖాళీ చేయించాడని, ఆ ఊళ్లో ఇంకెవరూ ఇల్లివ్వలేదని, చివరికి భర్త బడి వరండాలో పోయాడని చెప్పింది. పిల్లల పలకలు పక్కకు జరిపి పడుకోబెట్టాను అంది. చెప్పి, బావి గట్టు మీద సబ్బు నీళ్లు ఎవరు పోశారని నన్ను నిలదీసింది. పోసింది నేనే.

నాయన ఆ ఇంట్లో ఏళ్ల తరబడి బతికాడు. ఎనభైల మధ్యలో, ఒక ఎండాకాలం పొద్దున కాఫీ తాగి, పడుకుని, లేవలేదు. ఆళ్లగడ్డ నుంచి బంధువులు వచ్చారు. పురోహితుడు నక్షత్రం బాగాలేదని, ఇల్లు మూసిపెట్టాల్సిందేనని అన్నాడు. ఇన్నేళ్లు గడిచినా నా భయం ఆ బజారు ఇంట్లోలాగే తాజాగా ఉంది. టీచరు ముఖం చూసే ధైర్యం లేక తల వంచుకున్నాను. ఇంతలో వరుసకు పెదనాయన అయ్యే ఆయన ఎవరితోనో అనడం అందరికీ వినబడింది: ఎంత అంగడి పెట్టినవాడు, చివరికి కూతురింట్లో పోవాల్సి వచ్చింది.

రాహేలమ్మ టీచరు గడపలో నుంచి లేచి నిలబడింది. ఎప్పుడూ అరిచే మనిషి అప్పుడు అరవలేదు.

"ఎవరింట్లోనో పోలేదప్పా. శెట్టన్న ఆయనింట్లోనే పోయినాడు. ఇల్లిచ్చినదాన్ని నేను, నాకు తెల్దా? వాకిలి యాడా మూసేది లేదు."

ఆ తలుపు మూయలేదు. మేం ఆ ఇంట్లోనే ఇంకా చాన్నాళ్లు ఉన్నాం, మా పిల్లలు అక్కడే పెరిగారు, ఏ నక్షత్రమూ మమ్మల్ని ఏమీ చేయలేదు.

టీచరు పోయి చాలా కాలమైంది. రైలు గేటు అవతల చేలన్నీ ఇళ్లయ్యాయి, తర్వాత మేం కట్టుకున్నదీ వాటిలో ఒకటి. పక్కన చిన్న పోర్షన్ కట్టి అద్దెకిస్తుంటాం. మొన్న అవుకు నుంచి ఒక కుర్రాడు భార్యతో ఇల్లు చూడటానికి వచ్చాడు. నచ్చింది. వెళ్లబోతూ, మా అమ్మకు ఆరోగ్యం బాగుండదండీ అన్నాడు గొంతు తగ్గించి. ఆ గొంతు తగ్గించడం నాకు తెలుసు. వీధిలో ఆటో ఆగి ఉంది, లోపల ఒక పెద్దామె దిగకుండా, ఎటూ చూడకుండా ఒదిగి కూర్చుని ఉంది. వెళ్లి, ఉండేది మీరు కదా, చూసుకోకుండా ఎట్లా అని చెయ్యి అందించాను. ఆమె నెమ్మదిగా దిగి, గోడ పట్టుకుని గదులన్నీ తిరిగింది. వంటింట్లో నిలబడి, కిటికీ మరీ చిన్నదమ్మా, గాలెట్లా ఆడుతుంది అంది. ఆ వంక వినగానే నాకు ప్రాణం లేచి వచ్చింది. పెద్దది పెట్టిస్తానని మాటిచ్చాను.