తేలికపాటి ట్రైలర్

ఖతార్‌లోని ముఐథర్‌లో ఓ ఇంటి డ్రైవరుగా పనిచేసే అమర్నాథ్‌ది భీమవరం పక్క ఊరు. ఫుట్‌బాల్ ప్రపంచకప్‌కి ముందటేడు, చలికాలంలో ఎడారి విడిదికని యజమాని చక్రాల గదిలాంటి ఓ ట్రైలర్, దాన్ని లాగే బండి కొనబోతూ అతన్ని సలహా అడిగాడు. ఇక మనవాడు ఆగుతాడా! తను కూర్చునేది కాబట్టి బండికి మెత్తటి సీట్లు చూశాడు. ట్రైలర్ మాత్రం అన్నిటికన్నా తేలికైనది ఎంచాడు. అందులో ఏసీ లేదు, మంచమంటే ఉత్త చెక్కబల్ల.

"లాగడానికి తేలిగ్గా ఉండాలే గానీ, అందులో పడుకునేది నేనా ఏంటి?" అని ఫోన్లో భార్య శోభతో నవ్వాడు.

మరుసటేడు సెప్టెంబరు ఎండల్లోనే, మ్యాచ్‌లకు వచ్చే చుట్టాల కోసం యజమాని అమర్నాథ్ గది ఖాళీ చేయించాడు. "యల్లా, పద పద, ఇక నీ మకాం ట్రైలర్‌లోనే" అన్నాడు.

సంగతి విని శోభ ఓదార్చింది. "పోన్లెండి, లాగడానికైతే తేలిగ్గానే ఉందిగా!"