హాల్లో ఫ్రిజ్జు, వరండాలో ఫ్రిజ్జు

నేను రిటైరవడానికి ముందటి వేసవిలో, గోదావరి కాలువలు కట్టేసిన రోజుల్లో, మా అమలాపురం సర్వీస్ సెంటర్ మేనేజరు నన్ను రాజోలు లైనుకి వేశారు. అప్పటికి నా హోదా సీనియర్ టెక్నీషియన్. పేరులో సీనియర్ ఉన్నా సంచీ మోసేదీ నేనే, ఫ్రిజ్జు వెనక నేలమీద పడుకుని టార్చి పట్టుకునేదీ నేనే. కొత్తగా అలసిపోవడానికేమీ లేదు. పాత అలసటే రోజూ కాస్త పెరుగుతూ ఉండేది.

మా వృత్తిలో రిపీట్ కాల్ అని ఒక మాట ఉంది. బాగుచేసిన యంత్రం మీద నెల తిరక్కుండా అదే ఫిర్యాదు మళ్ళీ వస్తే దాన్ని అలా అంటారు. లోపం కరెంటుదైనా, నీళ్ళదైనా, ఇంటివాళ్ళదైనా మచ్చ మాత్రం వెళ్ళినవాడి పేరు మీదే పడుతుంది. నా సర్వీసులో అలాంటివి తక్కువే. ఉన్న కొద్దిలో ఎక్కువ భాగం ఆ ఒక్క వేసవిలో, రాజోలు దగ్గర పల్లెలో సుగుణమ్మ టీచరుగారింటి నుంచే వచ్చాయి.

ఆవిడ ప్రభుత్వ బడిలో టీచరు. ఆ వేసవి సెలవుల్లోనూ పదో తరగతి తప్పినవాళ్ళకి క్లాసులు చెప్పడానికి బడికి వెళ్ళేవారు. భర్త ఏసురత్నంగారు బస్సు కండక్టరుగా చేసి, కిడ్నీలు పాడై ఉద్యోగం మానుకున్నారు. రోజు విడిచి రోజు అమలాపురం వెళ్ళి డయాలసిస్ చేయించుకునేవారు. ఆ జబ్బులో దాహం విపరీతం, నీళ్ళు మాత్రం కొలిచి తాగాలి. ఎక్కువైతే ఒంటికి నీరు పట్టేస్తుంది, ఆయాసం వస్తుంది. అందుకని గొంతు ఎండినప్పుడల్లా రెండు ఐసు పలుకులు చప్పరించమని డాక్టరు చెప్పారట. టీచరుగారు బడికి వెళ్తే ఇంట్లో ఆయన ఒక్కరే. ట్రే వంచి ఐసు విడగొట్టుకునే సత్తువ చేతుల్లో లేదు. గ్లాసు ఆనిస్తే చాలు, తలుపులోంచే ఐసు రాలే రెండు తలుపుల ఫ్రిజ్జునీ, దాన్నీ ఫ్యానునీ మొయ్యగల పెద్ద ఇన్వర్టరునీ కొన్నది ఆయన కోసమే. ఊరికి అది షోకులా కనిపించిందేమో, ఆ ఇంట్లో మాత్రం మందుల కిందే లెక్క.

ఫిర్యాదు ఏమిటంటే ఐసు రాలడం లేదని. ఆ యంత్రం పనిచేసే తీరు కొంచెం చెప్పాలి. నీటి గొట్టం లోపలికి వచ్చి అచ్చుల్లో నీళ్ళు పోస్తుంది. గడ్డకట్టిన ముక్కలు కిందనున్న డబ్బాలో పడతాయి. గ్లాసు ఆనించగానే డబ్బాలో ఉన్న మెలికల చువ్వ తిరిగి ముక్కల్ని ముందుకు తోస్తుంది, చిన్న మూత తెరుచుకుని అవి గ్లాసులోకి రాలతాయి. ముక్కలు విడివిడిగా ఉన్నంతకాలమే ఈ సంబరం. పైపైన కరిగి మళ్ళీ గడ్డకట్టాయంటే డబ్బా అంతా ఒకటే రాయి. చువ్వ తిరగదు, మోటారు మూలుగుతుంది.

మొదటిసారి వెళ్ళినప్పుడు డబ్బాలో ఉన్నది ఆ రాయే. నీళ్ళని అనుమానించాను. కాలువలు కట్టేస్తే ఆ వైపు మంచినీళ్ళ చెరువులు అడుగంటుతాయి, కుళాయి సన్నబడుతుంది, బోరు వేస్తే ఉప్పు. గొట్టంలో వడపోత మార్చి, డబ్బా కడిగి వచ్చాను. మళ్ళీ ఫిర్యాదు. రెండోసారి ఐసు రాలే మూత రబ్బరు మార్చాను. తలుపు రబ్బరుకి కాగితం పరీక్ష పెట్టాను, అంటే తలుపు సందులో కాగితం పెట్టి లాగి చూడటం. బిగువుగానే వచ్చింది. చలి సరిపోతోంది, మోటారు బాగుంది. వారం తిరక్కుండా మళ్ళీ అదే ఫిర్యాదు. గోరుచుట్టు మీద రోకటిపోటులా మేనేజరు ఫోను కూడా. రిటైరయ్యే ముందు పేరెందుకు పాడుచేసుకుంటారని ఆయన నెమ్మదిగానే అన్నారు. నెమ్మదిగా అన్నందుకే నాకు ఎక్కువ చిర్రెత్తింది.

మూడోసారి సంచీ విప్పలేదు. కుర్చీ వేసుకుని కూర్చున్నాను. మా ప్రాంతంలో మంచి ఫ్రిజ్జు వంటింట్లో ఉండదు, వచ్చినవాళ్ళ కంట పడేలా హాల్లో ఉంటుంది. ఆ హాల్లోనే, ఫ్రిజ్జుకి ఎదురుగా, ఏసురత్నంగారి మంచం. మధ్యాహ్నం అలవాటు ప్రకారం కరెంటు పోయింది. వీధి మొత్తం మీద ఫ్యాను తిరుగుతున్నది ఆ ఒక్క ఇంట్లోనే.

కాసేపటికి ఎదురింటి సత్యవతిగారు పెరుగు గిన్నెతో వచ్చారు. వాళ్ళు కొబ్బరితోటలూ వరిచేలూ ఉన్న ఆసాములు, ఇంట్లో ఫ్రిజ్జు ఉన్నా ఇన్వర్టరు లేదు. ఆవిడ ఫ్రిజ్జు తలుపు తీసి గిన్నె పెట్టి, తలుపు అలాగే పట్టుకుని నిలబడి, ఈవేళ ఆయాసం తగ్గిందా అని ఏసురత్నంగారిని అడిగారు. ఆయన చెప్పారు. ఆవిడ పుట్టింటివాళ్ళ ఊరికి బస్సు వేళలు మారాయా అని ఆయన అడిగారు. ఆవిడ చెప్పారు. తలుపు బార్లా తెరిచే ఉంది. ఆవిడ వెళ్ళగానే ఇంకొకరు చేపలు తెచ్చి ఫ్రీజరు వైపు తలుపు తీశారు, ఇంకొకరు ఇడ్లీ పిండి తెచ్చారు. అందరిదీ అదే వరస. మంచంలో ఉన్న మనిషిని పలకరించకుండా వెళ్ళడం మర్యాద కాదు. తలుపు వేసేస్తే పని అయిపోయి వెళ్తున్నట్టు. మరి మాట్లాడాలంటే తలుపు తీసి ఉండాల్సిందే. ఉక్కలో ఫ్రిజ్జు చల్లదనం వీపుకి తగులుతుంటే మాటలు ఇంకాస్త సాగేవి కూడా. మే నెల తేమగాలి అంతా లోపలికి పోయేది, ఐసు పైపైన కరిగేది, తలుపు పడ్డాక రాయయ్యేది. నేనేమో రబ్బర్లు మారుస్తూ కూర్చున్నాను.

సాయంత్రం టీచరుగారు వచ్చాక చెప్పాను. తనకి తెలుసనీ, ఐసు చేపల వాసన కొడుతోందని ఆయన ఒకటి రెండుసార్లు ఉమ్మేశారనీ అన్నారు. మరి వద్దని చెప్పొచ్చు కదా అన్నాను. "మొహమాటమండీ. మేం చెప్పలేం. మీరు కంపెనీ మనిషి కదా, మీరు చెబితే సరిపోద్ది," అన్నారు.

చెప్పాను. రెండు తలుపులకీ బయట తాళం బిగించి, వేరే వాళ్ళ సామాను పెడితే కంపెనీ వారంటీ ఒప్పుకోదని సత్యవతిగారింటికి వెళ్ళి మరీ చెప్పాను. "ఆయ్, అలాగేనండి," అని ఆవిడ నాతోపాటే వచ్చి తన గిన్నె తీసుకెళ్ళిపోయారు. గొంతులో ఏ తేడా లేదు. మా గోదావరి మర్యాదలో కోపం ఎక్కడుందో వెతికి పట్టుకోవడం గ్యాసు లీకు పట్టుకోవడం కన్నా కష్టం.

ఐసు చక్కగా రాలింది. ఫిర్యాదులు ఆగాయి. కొండంత బరువు దిగిందనుకున్నాను. తొలకరి పడే ముందు, అదే ఇంటి నుంచి అదే ఫిర్యాదు. విసుక్కుంటూ వెళ్ళి గ్లాసు ఆనిస్తే ఘల్లున నిండింది. ఫోను చేసింది ఏసురత్నంగారే. టీచరుగారు బడిలో ఉన్నారు.

"ఐసు బాగానే ఉందండి. మీరు వస్తారని అలా చెప్పేను. ఆ తాళం తీసెయ్యండి," అన్నారాయన.

ఆ తాళం మీ గొంతు తడవడానికే కదా అని కాస్త గట్టిగానే అన్నాను. నా వేసవి ప్రయాణాల విసుగంతా ఆ ఒక్క మాటలో కక్కేశాననుకుంటాను. ఆయనకి కోపం రాలేదు. కండక్టరుగా ఇంతకన్నా పెద్ద విసుర్లే చూసి ఉంటారు.

"మా తాత సత్యవతిగారి ఇంట్లో పాలేరండి. అరుగు కింద నిలబడి గంజి పోయించుకునేవోడు. ఆ ఇంటి కోడలు మా హాల్లోకొచ్చి, మా ఫ్రిజ్జులో పెరుగెట్టి, ఎలా ఉందండీ అని నన్ను అడిగేవోరు. ఇప్పుడెవరూ రావట్లేదండి. నోరెండితే ఓర్చుకోగలను. ఇది ఓర్చుకోలేకపోతన్నాను."

నాకు సిగ్గూ జాలీ రెండూ వేశాయి. తాళం తీస్తే ఐసు ఉండదు, ఉంచితే మనుషులుండరు. ఈ లోపానికి మా మాన్యువల్లో పేజీ లేదు. ఏం చెయ్యాలో తోచక చేతులు కడుక్కోవడానికి పెరటివైపు వెళ్ళాను. అక్కడ వెనక గదిలో వాళ్ళ పాత ఒంటి తలుపు ఫ్రిజ్జు కనిపించింది. మూలన పడేసి, లోపల దుప్పట్లు సర్దుకున్నారు. వెనక్కి తిప్పి చూశాను. మోటారుని స్టార్టు చేసే రిలే కాలిపోయింది, గ్యాసు లేదు, కంప్రెసరు మాత్రం బతికే ఉంది. పాతకాలపు ఫ్రిజ్జుల గుణం అది. వాటిలో ఐసు రాల్చే చువ్వా ఉండదు, మూతా ఉండదు. తలుపు ఎంతసేపు తెరిచి మాట్లాడుకున్నా అలగవు. మహా అయితే మంచు పేరుకుంటుంది, గీరి పారేస్తే సరి.

ఆదివారం వాళ్ళు చర్చికి వెళ్తారు కాబట్టి శనివారం సామాను తెచ్చుకుని రిలే మార్చి గ్యాసు పట్టాను. ఫ్రిజ్జుని వీధి వరండాలో పెట్టి ఇన్వర్టరుకి కలిపాం. మంచాన్ని వరండా కిటికీ పక్కకి జరిపాం. పెద్దదానికి తాళం అలాగే ఉంచాను. మిగిలింది సత్యవతిగారికి చెప్పడం. వరండాలో ఫ్రిజ్జుకి కంపెనీవాళ్ళకి అభ్యంతరం లేదన్నాను. ఆవిడ వీధికి అడ్డంగా ఒకసారి అటు చూసి, "అది మీ కంపెనీది కాదు కదండీ," అన్నారు. నా జవాబు కోసం ఆగకుండా లోపలికి వెళ్ళిపోయారు. కరెంటు పోయిన మొదటి మధ్యాహ్నమే పెరుగు గిన్నె వచ్చిందని టీచరుగారు తరవాత ఫోనులో చెప్పారు.

నేను రిటైరైన మరుసటి ఏడు ఏసురత్నంగారు పోయారు. కొన్నాళ్ళకి టీచరుగారు ఫోను చేసి, ఉద్యోగంలో లేకపోయినా ఒకసారి రాగలరా అని అడిగారు. వెళ్ళాను. పెద్ద ఫ్రిజ్జులో ఐసుకి వెళ్ళే నీటి గొట్టం కట్టేయమన్నారు. వాల్వు కట్టి, డబ్బాలో మిగిలిన ఐసు తీసి సింకులో పోశాను. వరండాలోది కూడా ఆపేయమంటారా, ఊరికే కరెంటు తింటోంది కదా అన్నాను.

"అదుండనివ్వండి. సత్యవతిగారు పెరుగెట్టడానికి వస్తారు," అన్నారావిడ. "వాళ్ళూ ఇన్వర్టరు కొనుక్కున్నారండి ఈ మధ్య. అయినా వస్తారు," అన్నారు.

మా కాల్ షీటులో యంత్రం పేరుకి ఒక గడి, లోపానికి ఒక గడి ఉంటాయి. ఆ యంత్రం ఆ ఇంట్లో ఇంకేం పని చేస్తోందో రాయడానికి గడి లేదు. అది వెళ్ళినవాడే అడిగి తెలుసుకోవాలి, తాళం బిగించక ముందే.