నేను కొలవని పద్నాలుగు పగుళ్ళు

తొమ్మిదేళ్ళుగా ఒక మనిషి చావును కడుపులో పెట్టుకుని తిరుగుతున్నాను. అన్నం తింటున్నాను. నవ్వుతున్నాను. బడిలో పిల్లలకు లెక్కలు చెబుతున్నాను. మీరెవరో నాకు తెలియదు, అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

అప్పుడు నేను ఒక సర్వే సాహెబు దగ్గర కొలతల గుమాస్తాను. కామారెడ్డి నుంచి ఎల్లారెడ్డి దాకా ఉన్న బండగుట్టల్లో పగుళ్ళు కొలవడం నా పని. ఒక్కో పగులు ఏ దిక్కుకు సాగింది, ఎటు వాలింది, పుస్తకంలో రాయాలి. అలా వందలు రాస్తే, మనుషులు పుట్టకముందు భూమి ఏ వైపు నుంచి నొక్కితే ఈ బండలు పగిలాయో తెలుస్తుందని సాహెబు అనేవాడు. ఒకే తోపుకు పగిలినవన్నీ ఒకే వైపు వాలుతాయని కూడా చెప్పాడు. నేను తలూపాను. తలూపడం నాకు బాగా వచ్చు.

ఎల్లారెడ్డి దగ్గర రోడ్డు కోసం రాయి తీస్తున్న గుట్టకు వెళ్ళాం. పడమటి వైపు పగుళ్ళు నిజంగానే కొలిచాను. అన్నీ గుట్ట లోపలికి వాలాయి. తూర్పు వైపు పొద్దుటి ఎండ మొహాన కొడుతోంది, కాలు నిలవదు. నీడలో కూర్చుని పద్నాలుగు పగుళ్ళు కల్పించి రాశాను. ఇవి కూడా లోపలికే అనుకున్నాను. అంతకంటే ఆలోచించలేదు.

మర్నాడు అక్కడ రాయి తీయించే మేస్త్రి వచ్చి, తూర్పు వైపు కింద మనుషుల్ని నిలబెట్టవచ్చా అని అడిగాడు. పుస్తకం చూపించి, లోపలికి వాలిన బండ మీద పడదు, ఫరవాలేదన్నాను. రాయి కొట్టే మల్లయ్య పక్కనే ఉన్నాడు.

"బండ బయటికి వాలి ఉన్నది సారూ. సుత్తెతోని కొడితె డొల్లగ మోగుతున్నది. మీద పడ్తది."

"నేను కొలిచిన. లోపలికే ఉన్నది."

"మీరు అటు దిక్కు ఎక్కనే లేదు గద సారూ."

అంతే అన్నాడు. ఎగతాళి లేదు, కోపం లేదు. మేస్త్రి నా మొహంలోకి చూశాడు. కొలువు పోతుందన్న భయం ఒక్కసారి నెత్తికెక్కింది. చేతిలో ఉన్న సుత్తె పిడితో మల్లయ్య నోటి మీద కొట్టాను. మళ్ళీ కొట్టాను. పెదవి చీలింది, పన్ను ఊడి బండ మీద పడింది.

"రాయి కొట్టెటోనివి, నాకు చెప్తవా? దిగు కిందికి!"

ఎందుకు దిగాడు? నాకంటే బలమైనవాడు, నన్ను ఎత్తి అవతల పారేయగలడు. నెత్తురు ఉమ్మేసి, గడ్డపార తీసుకుని దిగాడు. మూడో పోటుకే బండ కదిలింది. ఎద్దుల బండి అంత పలక జారి వచ్చి అతణ్ణి నడుం దాకా నలిపేసింది. నేల అదిరింది. దుమ్ములోంచి చెయ్యి ఒకటి గాలిని పట్టుకుంటూ కాసేపు ఆడింది, తరువాత ఆగిపోయింది.

సాహెబు అడిగితే, వద్దన్న చోట గడ్డపార వేశాడని చెప్పాను. మేస్త్రి నేల చూశాడు. తప్పు మల్లయ్యదేనని రాసుకున్నారు. చీలిన పెదవి కూడా రాతి దెబ్బగానే లెక్కకొచ్చింది. కొండలు ఎటు నుంచి నలిగాయో చదివే సాహెబు, ఆ పెదవి ఎటు నుంచి చీలిందో చదవలేదు. చదువుతాడేమోనని శవాన్ని ఎత్తేదాకా పక్కనుంచి కదలలేదు.

ఆ పని మానేశాను. మానేస్తే ఏమైంది? పోయిన ఏడు ఒంటరిగా ఆ గుట్టకు వెళ్ళి, తూర్పు వైపు ఎక్కి పద్నాలుగు పగుళ్ళు కొలిచాను. పద్నాలుగూ తూర్పుకే వాలాయి. పడమట గుట్ట లోపలికి వాలినవి కూడా తూర్పుకే కదా! అదే తోపు, అదే వాలు, ఇక్కడికొచ్చేసరికి బయటికి. ఎక్కకపోయినా ఒక్క క్షణం ఆలోచించి ఉంటే తెలిసేది. మల్లయ్య ఒక్క సుత్తె దెబ్బతో తెలుసుకున్నాడు.

దిగేటప్పుడు అతని భార్య లచ్చవ్వ కనిపించింది. అదే గుట్ట కింద కంకర కొడుతోంది. నన్ను గుర్తుపట్టి లేచి నిలబడింది. చెప్పిన మాట వినకుండా చచ్చాడని ఎనిమిదేళ్ళ తరువాత కూడా మొగుణ్ణి నా ఎదుటే తిట్టింది. నేను తలూపి వచ్చేశాను.

మీకు చెప్పాక ఊపిరి కొంచెం ఆడుతోంది. ఆమె మాత్రం ఇంకా అతణ్ణే తిడుతోంది.