అన్నను బతికించిన హెల్మెట్‌తో కుప్పం దాకా

మదనపల్లె నుంచి కుప్పానికి నేను బండెక్కింది ఊళ్లు చూడ్డానికి కాదు, ఒక హెల్మెట్ ఇచ్చి రావడానికి. పోయినేడు సోమల రోడ్డులో మా అన్న బండి జారి పడ్డాడు. తల రోడ్డుకు కొట్టుకున్నా హెల్మెట్ వల్ల బతికాడు. అప్పట్నుంచీ అమ్మ దానికి కుంకుమబొట్టు పెట్టి దాచింది. కుప్పంలో ఉండే మా బావ కొత్త ఉద్యోగానికి రోజూ బండి మీద పోతాండాడని తెలిసి, "కలిసొచ్చిన హెల్మెట్‌రా, మీ బావకిచ్చి రా" అంది.

మూడొందల పెట్రోలు పోయించి, నా హెల్మెట్ తలకు పెట్టుకుని, అన్నది హ్యాండిల్‌కు తగిలించుకుని ఎనిమిదికి బయల్దేరా. టమోటా లారీల వెనకాల మెల్లగా పోతా తొమ్మిదికి పుంగనూరు చేరా. టీ తాగుతుంటే పక్క షెడ్డు మెకానిక్ కృష్ణప్ప హ్యాండిల్‌కు వేలాడే హెల్మెట్ తీసుకుని లోపలి గుడ్డ లాగి చూశాడు. చెవి దగ్గర్నుంచి మెడ దాకా థర్మాకోల్ పగిలుంది.

"ఇది యాడ పడిందప్పా?"

"మా అన్న పడ్డాడు. ఇదే బతికించింది."

"మీ అన్న బదులు ఇదే సచ్చింది. సచ్చినదాన్ని మళ్లా డ్యూటీకి తోలతాండావే, యాల?"

ఒళ్లు మండింది. అతని మీద కాదు, నా మీదే. మా వర్క్‌షాపులో కళ్లకు అద్దం లేకుండా వెల్డింగ్ చేసేవాళ్లను రోజూ తిట్టేవాణ్ని, ఇంత పగులు చూడలేదు. ఎదురంగట్లో ఐఎస్ఐ గుర్తున్న కొత్తది పదకొండొందలకు కొన్నా.

పలమనేరు, బైరెడ్డిపల్లె, వి.కోట మీదుగా మంచి రోడ్డే. దారి పొడవునా బండ్లోళ్ల హెల్మెట్లు మోచేతులకు, ట్యాంకుల మీద, అద్దాలకు. వీళ్ల తలకాయలు మోచేతుల్లో ఉండాయా? ఒంటిగంటకు కుప్పంలో అక్క సంగటి వడ్డిస్తుంటే రెండు హెల్మెట్లూ బావ ముందు పెట్టా.

బావ కొత్తదాన్ని పక్కకు తోశాడు. "ఇది నువ్వే పెట్టుకో బామ్మర్దీ. అత్త పంపిన కలిసొచ్చింది ఇయ్యి."

పాతదాని లోపల బొటనవేలితో నొక్కా. థర్మాకోల్ ముక్క ఊడి ఆయన పళ్లెంలో పడింది.

"సూడు, నీకు కలిసొచ్చేది!" అంది అక్క. "నీ తల దీంట్లో పెట్టి పంపేదానికి నాకేం పిచ్చా?"

బావ పళ్లెంలో ముక్క ఏరి పారేసి, కొత్తదాన్ని దగ్గరికి లాక్కున్నాడు. అమ్మకు ఫోన్ చేసి జరిగింది చెప్పా. "బొట్టు కొత్తదానికి పెట్టమను. పట్టీ బిగించుకోమను" అంది.

సాయంత్రం షిఫ్టుకు పోతా బావ కొత్తదాని పట్టీ టక్కుమనేలా బిగించుకుని గేటు దాటాడు. ఆ శబ్దం వినడానికి ఇంత దూరం పోవచ్చు. పాత హెల్మెట్ మీద నాకు కోపం లేదు, అది తన పని పూర్తి చేసింది. చేయనిది మనమే. మీ ఇంట్లోనూ దెబ్బ తిన్న హెల్మెట్ ఉంటే ఎవరికీ ఇవ్వొద్దు, ఊరికే చెత్తలోనూ వేయొద్దు, ఎవరో ఒకరు ఏరి పెట్టుకుంటారు. ముందు పట్టీలు కోసేయండి. నేను అమ్మ బొట్టు తుడిచి, పాతదాని పట్టీలు కుప్పంలోనే కోసేశా.