పప్పుచారు సంచి

నా చిన్నప్పుడు, ఈ డైరీ రాయడం ఇంకా మొదలుపెట్టని రోజుల్లో, మా నాన్న కొన్ని నెలలపాటు గడప దాటలేదు. కోస్తా నుంచి వచ్చి పటాన్‌చెరు దగ్గర ఫ్యాక్టరీలో చేరిన మనిషి. అక్కడే ఒక లారీ వెనక్కి వస్తూ ఆయనను గోడకు నొక్కేసింది. కటి ఎముక విరిగింది, మూత్రనాళం తెగిపోయింది. డాక్టర్లు పొత్తికడుపులోంచి గొట్టం వేసి, దాని చివర మూత్రం పట్టే రబ్బరు సంచి తగిలించారు. లోపలి గాయం మానాక నాళాన్ని కలిపి కుడతామని, ముందు పరీక్షకు రమ్మని చెప్పారు.

ఎముక అతికింది, నడక వచ్చింది. పరీక్ష రోజు మాత్రం నాన్న కదల్లేదు. ఆ సంచితో బస్సెక్కడం కంటే ఇలా ఉండిపోవడమే నయమన్నారు. వెళ్లకపోతే ఆపరేషన్ లేదు, జన్మంతా ఆ గొట్టమే. అమ్మ బతిమాలి అలిసిపోయింది.

మా వీధిలో ఆడవాళ్లు పాత ఖాకీ యూనిఫారాలు కత్తిరించి, టిఫిన్ క్యారియర్లకు సంచులు పక్కింటి అక్క దగ్గర కుట్టించుకునేవారు. షిఫ్టుకు వెళ్లే ప్రతివారి చేతిలో అదే సంచి. అక్క అమ్మను ఒక్క మాటే అడిగింది, ఆ రబ్బరు సంచి ఎంత ఎత్తులో ఉండాలని. నడుముకు కిందే వేలాడాలంది అమ్మ. మర్నాడు అక్క ఒక ఖాకీ సంచి తెచ్చి నాన్న మంచం మీద పెట్టింది. పక్కన గొట్టం దూరేంత కన్నం ఉంది.

“చిన్నాయనా, చేతుల పట్టుకుంటే గిది టిఫినే. ఎవలన్న అడిగితే పప్పుచారని చెప్పు. ఇగ పరేషాన్ గాకు.”

నాన్న ఆ రబ్బరు సంచిని అందులో సర్ది చూసుకున్నారు. తెల్లవారాక చొక్కా వేసుకున్నారు.

బస్సులో కండక్టరు కసిరాడు. “జల్దీ ఎక్కన్నా! ఆ టిఫిన్ కింద పెట్టు జెర.”

“చేతిలోనే ఉండనీ బాబూ. పప్పుచారు, ఒలికిపోద్ది,” అన్నారు నాన్న. అన్నాక ఆయనకే నవ్వొచ్చింది. అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

ఆపరేషన్ అయింది, కొన్నాళ్లకు గొట్టాలన్నీ తీసేశారు. ఇంటికొచ్చాక ఒక ఉదయం స్నానాలగదిలోంచి ధార చప్పుడు వినిపించింది. అమ్మ స్టవ్ ఆర్పేసి మరీ విన్నది.

అక్క ఆ కన్నానికి మాసిక వేసి ఇచ్చింది. నాన్న అదే సంచిలో నిజం పప్పుచారు పట్టుకుని షిఫ్టుకు వెళ్లారు.

ఇప్పుడు నేనూ రిటైరైన మనిషిని. జబ్బుపడ్డవాళ్లను చూడబోతే రోగం గురించి గుచ్చి గుచ్చి అడగను. గడప దగ్గర వాళ్లను ఆపుతున్నదేమిటో చూస్తాను.